వంకర తోక రివెట్టు

ఇలా దగ్గరగా జరగండి. ఆ కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయీ, నువ్వు కూడా కుర్చీ ఇటు లాక్కో. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని చెప్పుకునే కథ. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఎవరూ కింద పడరు, ఎవరికీ ఏమీ కాదు. కాబట్టి గుండె చేత్తో పట్టుకోకుండా హాయిగా వినండి.

కోల్‌స్టాడ్ వాళ్ల పశువుల కొట్టం మీరంతా చూసే ఉంటారు. చర్చి దాటి సరస్సు వైపు దిగే దారిలో, ఎర్రరంగు వెలిసి గులాబీరంగులోకి వచ్చేసింది చూడండి, అదే. ఒకప్పుడు అందులో పాడి ఆవులు ఉండేవి. ఆవుల్ని అమ్మేశాక కొన్నాళ్లు ఖాళీగా పడి ఉంది. తర్వాత అందులో విమానం పుట్టింది. నవ్వకండి, నిజం విమానమే. ఇద్దరు కూర్చునేది. పెట్టెల్లో ముక్కలుగా వస్తుంది. వేరుగా సంచుల్లో, రేకుల్ని కలిపి బిగించే బియ్యపుగింజంత రివెట్లు. రేకులన్నీ ఇంటివాళ్లే కూర్చుకుని, బొంతకుట్టినట్టు కుట్టుకోవాలి. మన వైపు ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఇంటికి ఒకరు కాకపోయినా వీధికి ఒకరున్నారు కదా.

కొట్టంలో కుట్టేది ఇద్దరు. ఎల్డన్ అన్న, ఆర్లిస్ చెల్లెలు. ఎల్డన్ పెళ్లి చేసుకోలేదు, జీవితమంతా చీజు చేశాడు. ఆర్లిస్ భర్త పోయాక తిరిగి పుట్టింటికే వచ్చి, చివరి ఆవు దాకా తనే పాలు పితికింది. ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది, ఇద్దరిదీ ఒకటే మొండితనం. అది వాళ్ల నాన్న నుంచి వచ్చింది, ఆయన సంగతి ఇంకోసారి.

విమానం ఎందుకంటారా? మేవిస్ కోసం. వీళ్లిద్దరి అక్క, సరస్సుకు అవతలి ఒడ్డున ఉంటుంది. వేసవిలో అయితే పెద్ద పడవ ఉంటుంది, కారుతో సహా ఎక్కి వెళ్లిపోవచ్చు. చలికాలం వచ్చి పడవ ఆగిపోయిందంటే సరస్సు చుట్టూ కిందినుంచి, షికాగో రద్దీలోంచి తిరిగి వెళ్లాలి. పొద్దున బయలుదేరితే రాత్రికి నడుము విరిగి చేరతారు, ఈ వయసులో ఇద్దరికీ అది వల్లకాదు. అదే గాలిలో అయితే కుండలో సూపు పెట్టి వెళ్లి, అది ఉడికేలోపు అవతల దిగొచ్చు. ఆ ఏడాది మేవిస్ కళ్లు మసకబారడం మొదలైంది. "ఒసే ఆర్లీ, నీ ముఖం గబగబా చూపించవే. ఇంకొన్నాళ్లు పోతే నువ్వూ ఒక పొగమంచు ముద్దే నాకు" అని ఫోన్లో నవ్వుతూ అంది. ఆర్లిస్ నవ్వలేదు. ఫోను పెట్టేసి నేరుగా కొట్టంలోకి వెళ్లి, చేతులకు తొడుగులు వేసుకుంది. మిగతా విమానమంతా అయిపోయింది, మిగిలింది ఎడమ రెక్క ఒక్కటే. ఈ శరత్తులో ఆ రెక్క మూసేస్తే, వసంతంలో అక్క ముఖం చూడొచ్చు. లేకపోతే వేసవి పడవ దాకా ఆగాలి, అప్పటికి ఆ కళ్లు ఎలా ఉంటాయో, ఏమో.

వాళ్లు పని చేసే తీరు చెప్పకపోతే మిగతా కథ తలకెక్కదు. రెక్క లోపల వరసగా రేకు ఎముకలు ఉంటాయి, వాటి అంచుల్ని మడతపెట్టి ఉంచుతారు. ఆ మడత మీద పైరేకు పరిచి, బెజ్జం వేసి, రివెట్టు దించుతారు. రివెట్టుకు బయట తల, లోపల తోక. బయటినుంచి ఎల్డన్ గాలి ఒత్తిడితో కొట్టుకునే సుత్తితో తలమీద టరటరా కొడతాడు. లోపలికి చెయ్యి దూర్చి ఆర్లిస్ ఒక ఇనుప దిమ్మను తోకకు ఆనించి పట్టుకుంటుంది. ఆ దెబ్బకు తోక నలిగి బిళ్లలా పరుచుకుంటుంది. అలా అతుక్కుంటుంది.

ఇద్దరి మధ్యా రేకు అడ్డం. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు, సుత్తి చప్పుడులో మాట వినిపించదు. అందుకని ఆర్లిస్ దిమ్మతో రేకు మీద తడుతుంది. ఒక్కసారి తడితే బాగుందని. రెండుసార్లయితే ఇంకొంచెం కొట్టమని. మూడుసార్లయితే చెడింది, పీకాలని. ఇంత పని ఆమెకే ఎందుకంటే, ఆమె చెయ్యి సన్నం, పైగా ఆ చేతికి చూపు ఉంది. అడ్డం తిరిగిన దూడల్ని ఆవు కడుపులో చెయ్యి పెట్టి తిప్పి ఎన్నిటిని బయటికి తీసిందో ఆమెకే లెక్క తెలియదు. చీకట్లో ఏది గిట్టో, ఏది ముక్కో వేళ్లతోనే చెప్పేది. ఆమెకు రివెట్టు తోక ఒక లెక్కా!

ఎల్డన్ సంగతి వేరు. చీజు చేసిన రోజుల్లో చక్రంలా పోసిన చీజు మీద గోటిగీత పడితే చాలు, దాన్ని పందులకు వేసేవాడు. ఊరి పందులు బహుమతులకు తగ్గ చీజు తిని బలిశాయని మా వాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

ఇంకొకటి కూడా ఉంది. బెర్నడీన్ ఫ్లూగ్ అని, మూడు విమానాలు కట్టిన ముసలావిడ, ఊరి చివర గడ్డి మైదానం పక్కన ఆమె విమానాల షెడ్డు. నెల మొదటి శనివారం అక్కడ విమానాలు కట్టేవాళ్లంతా చేరి పాన్‌కేకులు తింటారు. ఆ షెడ్డు వెనక గోడ నిండా మేకులు, మేకులకు చెడగొట్టిన ముక్కలు. వంకరపోయిన ఎముకలు, తలకిందులుగా మడతపెట్టిన రేకులు, కుడివైపుకు చెయ్యాల్సింది ఎడమవైపుకు చేసినవి. ఎవరిది వాళ్లే తెచ్చి, అందరి ముందూ కథ చెప్పి, తగిలించాలి. ఏడాది చివర అందరికన్నా ఘోరంగా చెడగొట్టినవాళ్లకు బెర్నడీన్ చేతి చెర్రీ కేకు. ఎల్డన్ ఇన్నేళ్లలో ఒక్క ముక్క కూడా తగిలించలేదు. కాఫీ కప్పు పట్టుకుని గోడను చూస్తూ "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ వింటే చాలామందికి ఒళ్లు మండేది.

ఇక అసలు సంగతి. శరత్తు ముగిసిపోతోంది. రెక్క కింది రేకు చాలావరకు వేసేశారు. ఆ రోజు చర్చిలో ఎవరివో దినం భోజనాలు, ఆర్లిస్ వంటకు వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, "అన్నయ్యా, నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు. కావాలంటే నేల ఊడ్చుకో" అంది.

"ముట్టుకోనులేవే" అన్నాడు ఎల్డన్.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి కొట్టం నేల మీద వెండిపొడిలా రేకు తురుము. డ్రిల్లు వేడెక్కిన వాసన. ఎల్డన్ పాల బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని, రెక్క వైపు కాకుండా గోడ వైపు చూస్తున్నాడు.

"అన్నయ్యా, ఏం చేశావు?"

"సరిచేశాను."

"దేన్ని?"

"ఒక రివెట్టు తోక వంకరగా ఉంది. అద్దం పెట్టి చూస్తే కనిపించింది."

"ఎవరు దిమ్మ పట్టిన రివెట్టు? నేను ఒక్క తట్టు తట్టిందేనా?"

"వంకరగా ఉందన్నాను కదే!"

"నీ ముక్కు కూడా వంకరగానే ఉంది. డ్రిల్లు తెచ్చి పీకనా?"

ఆమె తొడుగు కూడా లేకుండా చెయ్యి లోపలికి పెట్టింది. వేళ్లు ఎముక అంచు వెంట నడిచాయి. ఒకచోట ఆగాయి. అక్కడ ఉండాల్సిన గుండ్రటి బెజ్జం వేరుశెనక్కాయ ఆకారంలో ఉంది. దాని పక్కది ఇంకా పెద్దది. అక్కడినుంచి మడత అంచుదాకా సన్నటి చీలిక, వేలికి వెంట్రుకలా తగిలింది. ఒక రివెట్టు పీకబోతే డ్రిల్లు పక్కకు జారింది. దాన్ని కప్పడానికి ఇంకో సైజు పెద్దది వేశాడు. అది పక్కకు ఒరిగింది. అదీ పీకాడు. ఒంటిచేత్తో దిమ్మా, ఒంటిచేత్తో సుత్తీ పట్టుకుని పక్కదాన్ని కూడా బిగించబోయాడు. బాగున్నదాన్ని బాగు చేయబోయి రెక్కకు పుండు పెట్టాడు.

"దీన్ని సరిచేయడం అంటారా అన్నయ్యా?"

"అమ్మేశాను" అన్నాడు ఎల్డన్ గోడ వైపే చూస్తూ. "పక్క రాష్ట్రం అయోవాలో ఒకాయన ఇలాంటిదే కడుతున్నాడు, ముక్కలు కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఫోను చేశాను. శనివారం ట్రక్కు వెనక బండి కట్టుకుని వస్తాడు. రెక్కా, మిగతాదీ, మొత్తం."

"నన్ను అడిగావా?"

ఎల్డన్ బూటుతో రేకు తురుమును ఒక పక్కకు నెట్టాడు.

"నేను కుట్టిన సగం కూడా అమ్మేశావా? అక్కకు ఏం చెప్పను? రెక్కకు బెజ్జం పడింది, నీ కళ్లను వేసవి పడవ దాకా ఆగమని చెప్పనా?"

ఆర్లిస్ దిమ్మను బల్లమీద పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయింది. అంతే, మాటలు బంద్. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఒకే గిన్నెలోంచి తింటూ. ఎల్డన్ మరునాడు మధ్యాహ్నం "కాఫీ ఉందా?" అని అడిగాడు. ఆర్లిస్ చెంచాతో బల్లమీద మూడుసార్లు కొట్టింది. "బంగాళాదుంపలు ఇంకొంచెం వెయ్యవే" అంటే మళ్లీ మూడుసార్లు. పాపం, ఆ మూడు దెబ్బలకు అర్థం ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు! తలొంచుకుని తనే లేచి వడ్డించుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఊరంతా చేపల వేపుడు విందుకు పోతుంది కదా. ఆర్లిస్ కూడా వెళ్లింది. తినడానికి కాదు. మూలబల్ల దగ్గర బెర్నడీన్ కూర్చుని చేప ముళ్లు ఏరుకుంటుంటే, ఆమె ముందు కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది కూడా. బెర్నడీన్ చేప పూర్తిగా తిని, వేళ్లు తుడుచుకుని, "పద" అంది.

ఎల్డన్ కొట్టం గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "పిన్నీ, నేను నిన్ను పిలవలేదు."

"నన్ను పిలిచింది ఆర్లిస్. ఈ కొట్టంలో సగం ఆమెది. నేను ఆ సగంలోనే నిలబడతాలే. జరుగు."

ఆమె సంచిలోంచి టార్చీ, పళ్ల డాక్టరు అద్దం తీసి రెక్కలోకి తల దూర్చింది. ఎంతసేపు చూసిందో! ఆర్లిస్ ఆమె వీపునే చూస్తోంది. ఆ వీపు కదలలేదు. తర్వాత ఆమె జేబులోంచి చిన్న కొలతముక్క తీసి, చెడిపోని రివెట్లను ఒక్కొక్కటీ తోక దగ్గర ఆనించి చూసింది.

"ఒరేయ్ ఎల్డన్, మొదటిదాన్ని ఎందుకు పీకావురా?"

"తోక వంకర."

"దీనికన్నా వంకరా?" అని ఒకదాన్ని చూపించింది.

ఎల్డన్ వంగి చూశాడు. "ఇంచుమించు అంతే."

"ఇది కొలతకు సరిగ్గా ఉందిరా. ఇలాంటి వంకర రెండింతలున్నా రెక్కకు ఏమీ కాదు. నీకు గుర్తుందా, చర్చిలో ఆదివారం బడిలో నా దగ్గర బొమ్మలు వేసేవాడివి. గొర్రెపిల్ల కాలు ఒక్క గీత పక్కకు పోతే చెరిపి, చెరిపి, కాగితం చిరిగేదాకా చెరిపేవాడివి. చివరికి గొర్రె ఉండేది కాదు, కాగితమూ ఉండేది కాదు. ఇప్పుడూ అదే చేశావు."

ఆర్లిస్ నోటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"దీనికి మందు ఉంది" అంది బెర్నడీన్. "చీలిన మడతను కోసి తీసేసి, ఇదే మందం రేకుతో కొత్త మడత చేసి, ఎముక పక్కన అతికించి రివెట్లు వేస్తే ముందుకన్నా గట్టిగా ఉంటుంది. నా మాట నమ్మకపోతే ఆ పెట్టెలు పంపినవాళ్లనే అడుగుదాం." అక్కడే నిలబడి ఫోను చేసింది. అవతలి కుర్రాడు అంతా విని, తాపీగా, అలాగే చెయ్యండి, గట్టిగానే ఉంటుంది, దయచేసి ఇంక ఏదీ పీకకండి అన్నాడు. ఆ చివరి మాట బెర్నడీన్ రెండుసార్లు చెప్పించుకుంది, ఎల్డన్ వినాలని.

అయినా ఎల్డన్ తల అడ్డంగా ఊపాడు. "ఫోన్లో చెప్పడం తేలికే. ఆ నీళ్లు నాకు తెలుసు పిన్నీ. అందులో పడ్డవాణ్ని వెతికేలోపు చలికే పోతాడు. నేను పాడుచేసిన రెక్కమీద నా చెల్లెల్ని ఎక్కించుకుని అటు వెళ్లమంటావా? మధ్యలోకి వెళ్లాక ఆ చీలిక సంగతి గుర్తొస్తే నా చెయ్యి వణకదా? చెయ్యి వణికేవాడు నడపకూడదు. అందుకే అమ్మేశాను."

ఆర్లిస్ అప్పటిదాకా అతని పౌరుషమే చూసింది. అతని భయం ఎవరికోసమో ఆ క్షణందాకా తెలియలేదు. నాలుగు రోజుల కోపం నడుం దగ్గర ముడి విప్పినట్టు జారిపోయింది. వెళ్లి స్టవ్ మీద కాఫీ పెట్టి, కప్పు తెచ్చి అతని చేతిలో పెట్టింది. కప్పు మీద గోరుతో ఒక్కసారి తట్టింది. అతను కళ్లు దించుకున్నాడు. కానీ అమ్మకం మాత్రం ఆపనన్నాడు.

శనివారం పొద్దున్నే అయోవా ఆయన వచ్చాడు. వెండల్ అని. గుమ్మానికి సరిపోయేంత మనిషి, నెత్తిన మొక్కజొన్న విత్తనాల టోపీ. వెనక ఖాళీ బండి గడగడలాడుతోంది. బెర్నడీన్ కూడా పొద్దున్నే వచ్చి కూర్చుంది, పోయేదేదో తన కళ్లముందే పోవాలన్నట్టు. ఆర్లిస్ మర్యాదకు కొత్త చీజు ముక్కలు గిన్నెలో పెట్టి ఇచ్చింది. పళ్లకింద కీచుకీచుమంటుంటే వెండల్ తింటూనే రెక్క దగ్గరికి వెళ్లాడు.

"చెడింది ఎక్కడో ముందే చూపించన్నా, తర్వాత మాటలు వద్దు."

ఎల్డన్ వేలితో చూపించాడు. అలాంటి పని అతను పుట్టాక చేయలేదు. చెవులు ఎర్రబడ్డాయి. వెండల్ టార్చీతో తల లోపల పెట్టాడు. కాసేపయ్యాక ఆ పెద్ద భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఆర్లిస్ భయపడింది, మనిషికి ఏమన్నా అయిందా అని. తల బయటికి తీస్తే ముఖమంతా నవ్వు, కళ్లలో నీళ్లు.

"ఇంతేనా అన్నా? ఇంతేనా?"

"ఇంతేనా అంటావేంటి? ఎముక చీలింది!"

"ఆగు, ఆగు. నేనొక వస్తువు చూపిస్తాను." ట్రక్కు దగ్గరికి పరిగెత్తి, పాత దుప్పటిలో చుట్టిన ముక్క ఒకటి తెచ్చాడు. విప్పాడు. అది కూడా రెక్క ఎముకే. ఒక చివర మాత్రం జల్లెడ. బెజ్జం మీద బెజ్జం, వాటిమధ్య చీలికలు, చీలికల చివర చీలిక ఆపాలని వేసిన ఇంకో బెజ్జం, అక్కడినుంచి మళ్లీ ఇంకో చీలిక. మధ్యలో ఒకచోట అసలు రేకే లేదు.

"ఇది కూడా ఒక్క వంకర తోకతోనే మొదలైంది. పీకాను, వేశాను, పీకాను, వేశాను. చివరికి రెక్కను మోసే దూలం దాకా వెళ్లాను. మా ఆవిడ వచ్చి చేతిలోంచి డ్రిల్లు లాక్కోకపోతే ట్రాక్టరు కూడా పీకేసేవాణ్నేమో! నాది బాగుచేయలేక కదా నీది కొనుక్కోవడానికి వచ్చాను."

ఎల్డన్ ఆ ముక్కను రెండు చేతుల్తో తీసుకుని వెలుతురులోకి పట్టుకున్నాడు. ఆ బెజ్జాల్లోంచి అతని ముఖం మీద చుక్కలు చుక్కలుగా ఎండ పడింది. మొదట ముక్కులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. తర్వాత పెదవులు వణికాయి. తర్వాత నవ్వు. పాల బకెట్టు మీద కూలబడి మరీ నవ్వాడు. ఆర్లిస్ ఆ నవ్వు విని చాలా ఏళ్లయింది. వాళ్లమ్మ పందుల తొట్టిలో పడిన రోజు విని ఉంటుంది, అంతే.

"ఇది... ఇది మాత్రం పందులు కూడా తినవు" అన్నాడు ఎల్డన్ కళ్లు తుడుచుకుంటూ.

"మరేంటి నీ నిర్ణయం?" అంది బెర్నడీన్. "బండి ఖాళీగా పంపిద్దామా?"

ఎల్డన్ చెల్లెలి వైపు చూశాడు. "ఆర్లీ, నీ సగం నిన్ను అడగకుండా అమ్మాను. తప్పే. నువ్వు చెప్పు."

ఆర్లిస్ బల్లమీదున్న దిమ్మను తీసుకుంది, రెక్క దగ్గరికి వెళ్లింది. "ముందు రేకు కొయ్యి అన్నయ్యా. చూద్దాం" అంది.

ఇక ఆ మధ్యాహ్నం చూడాలి! వెండల్ లావు మనిషి కాబట్టి రేకును వెనక్కి చుట్టి పట్టుకునే పని అతనికి. కొత్త మడతకు ఆర్లిస్ అట్టముక్కతో ముందు కొలత తీసింది, ఎల్డన్ కోశాడు. వంచాడు. అంచులు వేలికి గుచ్చుకోకుండా అరగదీశాడు, పట్టులా అయ్యేదాకా. అక్కడ మాత్రం అతని చీజు చాదస్తం అక్కరకొచ్చింది. తుప్పు పట్టకుండా ఆకుపచ్చ రంగు వేసి, ఆరేలోపు నలుగురూ కూర్చుని మిగిలిన చీజు తినేశారు. తర్వాత ముక్కను ఎముక పక్కన ఆనించి బిగించారు.

మొదటి రివెట్టు. ఎల్డన్ ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో అద్దం తీసుకున్నాడు. బెర్నడీన్ వచ్చి ఆ అద్దాన్ని అతని చేతిలోంచి తీసి తన జేబులో వేసుకుంది.

"పిన్నీ, అది కావాలి."

"చెవులున్నాయిగా."

"తోక ఎలా ఉందో చూడకపోతే..."

"చూసేవాళ్లు లోపలున్నారు. నువ్వు కొట్టు."

ఎల్డన్ కొట్టాడు. టరటరా. ఆపాడు. లోపల ఆర్లిస్ వేళ్లు తోకను తడిమాయి, దాని గుండ్రాన్ని, దాని ఎత్తును. కొలతముక్కను ఆనించి చూసుకున్నాయి. సరిగ్గా ఉంది. కానీ ఆమె వెంటనే తట్టలేదు. ఉండనీ కాసేపు అనుకుంది. నాలుగు రోజులు నా కడుపు కాల్చాడు, ఒక్క నిమిషం ఆయనా మాడాలి కదా.

"ఏమే!" ఎల్డన్ గొంతు కీచుమంది. "ఏమే, బతికున్నావా?"

టక్. ఒక్కసారి.

ఎల్డన్ విడిచిన ఊపిరి వెండల్ టోపీని కదిలించిందని వెండల్ ఇప్పటికీ చెబుతాడు. అతిశయమేలెండి.

అలా ఒక్కొక్కటే. టక్. టక్. చివరి దాని ముందటిది మాత్రం మూడుసార్లు తట్టింది. ఎల్డన్ ముఖం పాలిపోయింది. "నిజంగానా, లేకపోతే నన్ను ఏడిపిస్తున్నావా?"

"నిజంగానే అన్నయ్యా. దిమ్మ జారింది, నాదే తప్పు. తోక మడతపడింది. నెమ్మదిగా తియ్యి. నేనిక్కడ పట్టుకుంటాను."

అప్పుడు ఎల్డన్ డ్రిల్లు తీసుకున్నాడు. తలలో కొంచెంగా, కొంచెంగా. సరిగ్గా నడిమధ్యన. ఆగి, సన్నటి మేకుతో తలను విరిచి, తోకను లోపలికి నెట్టాడు. అది ఆర్లిస్ అరచేతిలో పడింది. బెజ్జం గుండ్రంగా, పున్నమి చంద్రుడిలా ఉంది. ఎల్డన్ దాన్ని వేలితో తడిమి, కొత్త రివెట్టు దించాడు. కొట్టాడు. టక్.

రేకు పూర్తిగా మూసేముందు లోపలివైపు పేర్లు రాయడం మన ఆచారం కదా. వెండల్ తన పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. బెర్నడీన్ చిన్నగా. ఆర్లిస్ తన పేరూ, మేవిస్ పేరూ కూడా రాసింది. ఎల్డన్ సరిగ్గా కొత్త ముక్క పక్కన రాశాడు, "ఇది చెడగొట్టింది ఎల్డన్. బాగుచేసింది అందరూ." ఆ మాట ఇప్పుడు రెక్క లోపల ఉంది, ఇంక ఎవరూ చదవలేరు. మూసేముందు చూడ్డానికి వెళ్లి నేను చదివాను కాబట్టి చెబుతున్నాను.

తర్వాతి నెల మొదటి శనివారం, ఆ ఏడాదికి అదే చివరిది, ఎల్డన్ కోసి తీసిన మడతను గోడకు తగిలించాడు. కథ మొత్తం చెప్పాడు, తోక వంకర దగ్గర్నుంచి. ఎవరూ "ఊఁ" అనలేదు. చప్పట్లు కొట్టారు. అయితే వెండల్ కూడా తన జల్లెడ ఎముకను ఆ గోడకోసమని బెర్నడీన్‌కు ఇచ్చి వెళ్లాడు, చెర్రీ కేకు దానికే పోయింది. ఎల్డన్ ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉన్నాడు. "నాది మాత్రం తక్కువ ఘోరమా? పైగా అతను అయోవా వాడు!" అని. ఆర్లిస్ కారు అద్దం మీద మూడుసార్లు తట్టింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

వెండల్ కూడా ఇంటికి వెళ్లి అలాగే తన రెక్క బాగుచేసుకున్నాడు. బెర్నడీన్ ఒక అద్దం పెట్టెలో పెట్టి పంపించింది, అతనికి కాదు, చూసే పని ఆవిడదేనని వాళ్లావిడ పేరుమీద.

వసంతమొచ్చింది. ఎవరినైనా ఎక్కించుకునేముందు ఎల్డన్ ఒక్కడే ఎగిరి చూసుకోవాల్సిన గంటలన్నీ ఎగిరి చూసుకున్నాడు. మే నెల మొదట్లో, వేసవి పడవ ఇంకా మొదలుకాకముందే, ఒక తెల్లవారుజామున ఆర్లిస్ కుడివైపు సీట్లో కూర్చుంది. ఒళ్లో బట్టలో చుట్టిన చీజు చక్రం. ఒడ్డు దాటాక కింద నీళ్లు తప్ప ఏమీ లేదు, ముందూ నీలమే, వెనకా నీలమే. ఎల్డన్ చెయ్యి విమానం నడిపే కర్రమీద నిలకడగా ఉంది. ఆర్లిస్ ముందుకు వంగి, అతని పక్కగా ఎడమ రెక్క వైపు చూసింది. రెక్క ఎండలో మెరుస్తూ, కదలకుండా, ఆవు వీపులా నిబ్బరంగా ఉంది.

"ఎలా ఉందే?" అని అడిగాడు ఎల్డన్. తిరిగి చూడలేదు.

ఆమె వేలి కణుపుతో తలుపు రేకు మీద ఒక్కసారి తట్టింది.

అవతలి ఒడ్డున గడ్డి మైదానంలో మేవిస్ ఎర్ర కోటు వేసుకుని నిలబడి ఉంది. ఆర్లిస్ దిగి పరిగెత్తింది. మేవిస్ ఆమె ముఖాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, దగ్గరకు లాక్కుని, ముక్కుకు ముక్కు తగిలేలా చూసింది. "కనిపిస్తున్నావే" అంది. "ముసలిదానివైపోయావు. కానీ బాగా కనిపిస్తున్నావు."

అదీ కథ. మీరు దీన్ని మరిచిపోకండి. మీ పిల్లలకు చెప్పండి, మీ పక్కింట్లో రాత్రి పగలూ డ్రిల్లు పట్టుకుని కూర్చునే పెద్దమనిషికి తప్పకుండా చెప్పండి. పేర్లు గుర్తులేకపోతే మీకు నచ్చిన పేర్లు పెట్టుకోండి, ఫర్వాలేదు. కానీ ఆ ఒక్క తట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాసేపు ఆగి, అప్పుడు బల్లమీద తట్టండి. ఆర్లిస్ ఆగినట్టే.